పుర్రచేతి గాట్లు

మా వాల్‌కొర్నెల్లాలో పాతకాలపు సమాధులు చూడాలంటే ముందు జెలిందా కోసం కేక పెట్టాలి. ఆఫీసు లేదు, టికెట్టు లేదు. వితెర్బో పట్నంనుంచి వచ్చే బస్సు దిగినవాళ్ళు బార్‌లో అడుగుతారు. బార్‌వాడు వీధిలోకి వచ్చి మా ఎదురింటి కిటికీ వైపు తిరిగి "జెలిందా! గిరాకీ!" అని అరుస్తాడు. భోంచేసి అప్పుడే నడుం వాల్చిన నాబోటివాళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఈ బాధ నేను ముప్పయ్యొక్క ఏళ్ళకు పైగా పడుతున్నాను.

ఆవిడ దిగివచ్చి ముందు వచ్చినవాళ్ళ కాళ్ళు చూస్తుంది. మొహాలు తర్వాత.

"ఈ చెప్పులతో వాగు దాటుతావా తల్లీ? కాలు జారితే నిన్ను మొయ్యడానికి ఈ ఊళ్ళో మగాడు లేడు. ఉన్న ఒక్కడూ అదుగో, ఆ గుమ్మంలో కూర్చున్న నజరేనో. వాడికి తన నడుమే బరువు."

నజరేనో అంటే నేనే. నలభై రెండేళ్ళు క్వారీలో రాయి కొట్టాను. నడుం పోక ఏమవుతుంది? ఆవిడ నాకంటే మూడేళ్ళు చిన్నది. చిన్నప్పుడు నా వెనకాలే తిరిగేది, ఇప్పటికీ నా మీద అరుస్తూనే ఉంది. గుమ్మం వెనక వాళ్ళమ్మ రబ్బరు బూట్లు ఉండేవి. ఎవరి పాదానికైనా సరే వాటినే తొడిగించి, మేకుకున్న పెద్ద తాళంచెవి తీసుకుని బయల్దేరేది.

దారి ఎట్రుస్కన్లది, రోమన్లకంటే ముందు మా ఇటలీలో ఉన్న జనానిది. కొండను నిలువునా కోసి వాళ్ళు వేసిన దారి. దానిమీద రోమన్లు వచ్చి నల్లరాళ్ళు పరిచారు, వాటిమీద మా గొర్రెలు రెండువేల ఏళ్ళు నడిచాయి. వాగుకు ఇవతల ఒడ్డున ఆ ఎట్రుస్కన్లు కొండలో తొలిచిన సమాధులు అరవైదాకా ఉన్నాయి. మాకు మాత్రం అవి సమాధులు కావు. ఒకటి మా మామగారి వైను కొట్టు, ఒకటి పందులదొడ్డి, ఒకటి కట్టెల కొట్టం. రాత్రి వైను తేవడానికి వెళ్ళినప్పుడు రాతి పడకమీద ఎవరు పడుకున్నారో ఎవడు ఆలోచిస్తాడు? పీపా కారుతోందా లేదా అన్నదే ఆలోచన.

వాగు అవతల మాత్రం రెండే గుహలున్నాయి. ఒకటి రోమన్లు తవ్వుకున్న నీళ్ళతొట్టి, పెద్ద గదంత. రెండోది జెలిందా తాళం వేసే సమాధి. అక్కడికి చేరేసరికి ఆవిడ ముందు తొట్టి దగ్గర ఆగి నవ్వుతూ ఒక మాట చెప్పేది: "ఇది రోమన్లది. నేను పురిటికందుగా పడుకున్నది ఇందులోనే." వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. అది ఆవిడ హాస్యం అనుకునేవాళ్ళు.

హాస్యం కాదు. యుద్ధం నడుస్తున్న నలభై నాలుగులో, వసంతకాలంలో, ఊళ్ళో జర్మన్ సైనికులు, పైన విమానాలు. ఊరంతా ఈ గుహల్లోకి దిగింది. ఆ మూడు నెలల్లో పుట్టిన ఏడుగురిని ఊళ్ళో ఇప్పటికీ గుహ పిల్లలనే అంటాం. జెలిందా మార్చిలో పుట్టింది. గొంతు అప్పుడే పెద్దదట. మగవాళ్ళను కూలికి పట్టుకుపోతున్న రోజులవి. ఈ పిల్ల ఏడుపు విని సైనికులు గుహలమీద పడతారని మిగతావాళ్ళు ఆ బాలింతను, ఆమె మొగుడిని వాగు అవతలికి వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళిపొమ్మన్నవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. ఈ సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. జెలిందా తల్లి తర్వాత బతికిన ముప్పై అయిదేళ్ళలో ఆ వాగువైపు తిరిగి చూడలేదు. "అవతలికి తోలేశారు" అన్న ఒక్క ముక్క తప్ప కూతురికి ఇంకేమీ చెప్పలేదు. అవతల అందరికీ తెలిసిన గుహ తొట్టి ఒక్కటే కాబట్టి, పురిటికందుగా తనను దాచింది అక్కడేనని జెలిందా అనుకుంది. మేమూ అదే అనుకున్నాం.

సమాధి సంగతి ఎనభై మూడులో బయటపడింది. ఒక ప్రొఫెసరుగారు వారం రోజులు ఉండి, విరిగిపడ్డ కొండమట్టి తీయించి, లోపలికి వెళ్ళి చూశాడు. రెండు పెద్ద రాతి పడకలు. కుడిచేతి మూలలో ఇంకొక పడక, చాలా చిన్నది, రెండు మూరలు కూడా ఉండదు. ఆయన తన పుస్తకంలో "పసిపిల్ల పడక కావచ్చు" అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ "కావచ్చు"ని మా ఊరు మింగేసింది. జెలిందా చేతికి తాళం వచ్చింది.

నడుం సహకరించిన రోజుల్లో నేనూ తోడు వెళ్ళేవాణ్ణి. ఆవిడ చెబుతుంటే మీరు వినాలి. "ఇది ఇంటాయనది. ఇది ఇల్లాలిది." అని చెప్పి లాంతరు మూలకు తిప్పేది. ఆ అరిచే గొంతు ఉన్నట్టుండి చిన్నబోయేది. "ఇది వాళ్ళ పాపది. ఈ మూలలు చూడండి, ఎంత నున్నగా ఉన్నాయో. బిడ్డకు గుచ్చుకోకూడదని తండ్రి చేయించాడు. చచ్చిపోయిన బిడ్డకు! ఎంత ప్రేమగల తండ్రో!" ఒకసారి ఒక జర్మన్ ముసలాయన అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆయనకు మంచినీళ్ళు తాగించి, నేనూ జెలిందా చెరో రెక్కా పట్టుకుని పైకి తెచ్చాం.

తిరిగి వచ్చేటప్పుడు కొండెక్కుతూ ఆయాసపడుతూ నాతో అనేది: "చూశావా, రెండున్నరవేల ఏళ్ళ కిందటి తండ్రికి ఉన్న మనసు మా నాన్నకు లేకపోయింది. నన్ను ఒక్కసారి ఎత్తుకున్నాడా? పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నా పేరు పెట్టి పిలిచింది కూడా నాకు గుర్తులేదు."

నవంబరు రెండున ఊరంతా శ్మశానానికి వెళ్ళి తమవాళ్ళ సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడుతుంది. జెలిందా ముందు వాగు దాటి ఆ చిన్న పడకమీద ఒకటి వెలిగించి, ఆ తర్వాతే శ్మశానానికి వచ్చేది. "ఆ పాపకు ఎవరున్నారు పాపం?" అనేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళ పని అయిపోయేది. నేను ఒకసారి అడిగి చూశాను.

ఇక వాళ్ళ నాన్న. క్విరీనో. నాకు రాతిపని నేర్పింది ఆయనే. పుర్రచేతివాడు. మా ఎర్ర మెత్తరాయిని పికాసుతో కొడితే ప్రతి దెబ్బకూ ఒక గాటు మిగులుతుంది. కుడిచేతివాడి గాట్లు కుడినుంచి ఎడమకు జారతాయి. పుర్రచేతివాడివి ఎడమనుంచి కుడికి. ఒత్తు, దూరం, లోతు, ఒక్కొక్కడిది ఒక్కో రకం. మా ఊళ్ళో ఏ గుహ ఎవడి తాత తవ్వాడో గోడ తడిమి చెబుతాం. క్విరీనో గాటు పొట్టిగా, దగ్గరదగ్గరగా, చివర కాస్త తిరిగి ఉంటుంది. ఊళ్ళో అలా కొట్టేవాడు ఆయన ఒక్కడే. ఆయన కోపిష్టి. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. వంకరగా కొట్టి తిన్నగా కొట్టానన్నానో, పికాసు కర్రతో వీపుమీద వేసేవాడు. "రాయి ముందు నిలబడి అబద్ధమాడకు" అనేవాడు. యాభై ఎనిమిదిలో క్వారీలో రాయి విరిగి మీదపడి పోయాడు. నేను పక్క వరుసలో ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఎనభై మూడులో మొదటిసారి జెలిందాతో ఆ సమాధిలోకి వెళ్ళినప్పుడే నేను చూశాను. పెద్ద పడకల మీద గాట్లు వేరు, సన్నంగా, ఎప్పటివో. చిన్న పడక వెనకగోడ మీదివి పొట్టి గాట్లు. ఎడమనుంచి కుడికి. చివర తిరిగి ఉన్నాయి. క్విరీనోవే. ఏ గొర్రెలకాపరో అడిగితే, చీజు ఆరబెట్టుకోవడానికి క్విరీనో యుద్ధానికి ముందెప్పుడో కొట్టిచ్చిన అరుగు అయ్యుంటుందనుకున్నాను. చెబుదామని నోరు తెరిచి జెలిందా వైపు చూశాను. ఆవిడ ఆ పడకను చూస్తున్న చూపు చూశాక నోరు మూసుకున్నాను. అలా ముప్పయ్యొక్క ఏళ్ళు మూసుకున్నాను. నా నోరు అన్నాళ్ళు మూసుకుందంటే మా ఆవిడ ఓర్నెల్లా ఇప్పటికీ నమ్మదు.

ఇలా ఉండగా రెండువేల పద్నాలుగు అక్టోబరులో పురావస్తువాళ్ళ తరఫున ఒక ఆఫీసరమ్మ వచ్చింది. పేరు లవీనియా. చిన్నది, సన్నగా ఉంటుంది, సొంత బూట్లతో వచ్చింది. సమాధి దగ్గర కొత్త బోర్డు పెడతారట, ఏం రాయాలో చూడటానికి వచ్చింది. రోజంతా లోపలే ఉంది. మర్నాడు నేను పులుసు తింటుంటే జెలిందా తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చింది.

"నజరేనో, రేపు పొద్దున్న నువ్వు నాతో కిందికి రావాలి."

"ముందు కూర్చో. పులుసు పోసుకో."

"నీ పులుసు నువ్వే తాగు! ఆ పిల్లకాకి ఏమందో తెలుసా? చిన్న పడక కొత్తదట! ఈ కాలపు పికాసుతో చెక్కినట్టుందట! నేను పుట్టకముందు నుంచి మట్టికింద ఉన్నదాన్ని ఎవడెళ్ళి చెక్కుతాడు? నీకు రాయి తెలుసని చెప్పాను. నువ్వు చెబితే వింటానంది."

నా గొంతులో రొట్టెముక్క అడ్డం పడింది. ఓర్నెల్లా వీపుమీద చరిచింది.

"నన్నెందుకు లాగుతావే మధ్యలో?" అన్నాను దగ్గు ఆగాక.

"ఇంకెవరున్నారు నాకు? విను. అది అబద్ధమని తేలితే తాళంచెవి అక్కడే ఆవిడ చేతిలో పెట్టి వచ్చేస్తాను. ముప్పయ్యొక్క ఏళ్ళు జనాన్ని నిలబెట్టి అబద్ధం చెప్పి ఏడిపించినదాన్ని ఇంకొక్క రోజు ఆ తలుపు తియ్యను. ప్రమాణం చేసి చెబుతున్నా."

ఈవిడ ప్రమాణం చేస్తే మాట తప్పదు, అదే నా భయం. ఆ తాళం లేకపోతే ఆవిడకు పొద్దున లేచి ఏ పనుంది? ఎవరి కాళ్ళు చూసి తిడుతుంది? ఆవిడ వెళ్ళిపోయాక ఓర్నెల్లా నా మొహం చూసి విషయం కక్కించింది.

"ఇంతకీ నీకేం కష్టం?" అంది. "పాతదే అని చెప్పి వచ్చెయ్. రాయి వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

అదే మంచిదనిపించింది. అబద్ధం చెప్పడానికే నిశ్చయించుకుని వాగు దాటాను.

లోపల ఎప్పటిలాగే చల్లగా ఉంది. లవీనియా దీపం పట్టుకుంది. జెలిందా గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, గెలిచేసినట్టే మొహం పెట్టుకుని.

"నజరేనో గారూ, మీకు పెద్ద అనుభవం ఉందని విన్నాను," అంది లవీనియా. "మీకేమనిపిస్తోంది?"

ఊరికే చూసి చెబితే బాగుండదని వెనకగోడ మీద చెయ్యి పెట్టాను. అదే నేను చేసిన తప్పు. వేళ్ళకింద ఆ పొట్టి గాట్లు తగిలేసరికి క్విరీనో నా వెనక నిలబడ్డట్టయింది. డెబ్బై మూడేళ్ళ ముసలాణ్ణి, వీపు ముడుచుకున్నాను. నోటిదాకా వచ్చిన అబద్ధం బయటికి రాలేదు.

"ఇది మన క్వారీ పికాసు," అన్నాను. "పుర్రచేతి పని. క్విరీనో గాట్లు ఇవి."

"ఎవరి గాట్లు?" అంది జెలిందా.

"మీ నాన్నవే."

ఆవిడ మూలదాకా వచ్చి గోడను చూసింది, నన్ను చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజునుంచీ."

"మొదటి రోజునుంచి!" ఆ అరుపుకు సమాధి మోగింది. "నేను ఊళ్ళోవాళ్ళందరి ముందూ ఏడుస్తుంటే పక్కన నిలబడి చూశావన్నమాట! నీ బొంద! ఏమిటది మరి? ఏం చేసుకోవడానికి చెక్కాడు?"

"చీజు అరుగనుకుంటా."

ఆవిడ తాళంచెవి తీసి పెద్ద పడకమీద పెట్టింది. విసిరికొడుతుందనుకున్నాను, మెల్లిగా పెట్టింది.

"చీజు అరుగు," అంది. "బతికున్నన్నాళ్ళూ మా నాన్న నాకేమీ ఇవ్వలేదు నజరేనో. నాకంటూ ఉన్నది ఈ పాప ఒక్కతే. దాన్ని కూడా లాగేసుకున్నాడు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి గోడవైపు తిరిగాను. లవీనియా మాత్రం మోకాళ్ళమీద కూర్చుని పడక అంచును వేలితో తడుముతోంది.

"పెద్దాయనా, ఒక్క సందేహం. చీజుకైతే ఈ గట్టు ఎందుకు?"

పడక బయటి అంచు పొడుగునా మూడు వేళ్ళ ఎత్తున చిన్న గట్టు ఉంది. రాతిలోంచే వదిలిపెట్టింది. ముప్పయ్యొక్క ఏళ్ళు నేను గాట్లే చూశాను గానీ ఆ గట్టు ఎందుకుందని ఒక్కనాడూ ఆలోచించలేదు. రాతిపనివాణ్ణట, నా మొహం! చీజుకు గాలి తగలాలి, నీరు కారాలి. గట్టు కడితే కుళ్ళిపోతుంది. పెద్ద పడకలకు గట్టు లేదు. వాటిమీద పడుకున్నవాళ్ళు పక్కకు దొర్లరు.

"దొర్లేవాళ్ళకు కట్టింది ఇది," అన్నాను. "లవీనియామ్మా, దీపం కాస్త పైకెత్తు."

పడకకు పైన గోడలో మేకు కొట్టిన కన్నం ఉంది. దాని చుట్టూ అరచేయి మేర మసి. నూనెదీపం మసి. మా గుహలన్నిటిలోనూ ఉంటుంది అది, యుద్ధం నాటిది.

"జెలిందా, మీ అమ్మను తోలేసింది ఎక్కడికి?"

"తెలీనట్టు అడుగుతావేం? తొట్టికి."

"తొట్టికని మీ అమ్మ చెప్పిందా?"

"అవతలికి అంది. అవతల ఇంకేముంది?"

"మార్చిలో ఆ తొట్టిలో నీళ్ళు ఎంత లోతుంటాయి?"

ప్రతి ఏడూ మార్చిలో అక్కడ నడుం లోతు నీళ్ళుంటాయని, లోపలికి దిగొద్దని వచ్చినవాళ్ళను అరిచేది ఆవిడే.

"బాలింతను తీసుకెళ్ళి ఎవడైనా నీళ్ళలో పడుకోబెడతాడా? ఈ సమాధి అప్పుడు తెరిచే ఉందే పిచ్చిదానా! లేకపోతే మీ నాన్న గాట్లు లోపలికెలా వస్తాయి? కొండ విరిగి మూసుకుపోయింది తర్వాత. మట్టికింద దొరికింది కదా అని, వేల ఏళ్ళుగా ఎవడూ అడుగుపెట్టలేదని మీరు, యుద్ధానికి ముందే మూసుకుపోయిందని నేను అనుకున్నాం. ఊరు ఊరంతా పొరపాటు పడ్డాం. ఇందులో పడుకున్న పాప చచ్చిపోలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా నా మధ్యాహ్నం నిద్ర చెడగొడుతోంది."

జెలిందా మొహం ఒకలా అయింది.

"అయితే నజరేనో... ఏటా నవంబరులో నాకు నేనే కొవ్వొత్తి పెట్టుకున్నానా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆఫీసరమ్మ దీపం పక్కకు తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. జెలిందా కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి పడక మూలలో చెయ్యి పెట్టింది, ఎన్నో వేలసార్లు పెట్టిన చోటే.

"క్వారీలో మా నాన్న మూలలు ఇలా తీసేవాడా?"

"ఎన్నడూ లేదు. ఎవరికీ లేదు. కొట్టి పారేసేవాడు. మూలల సంగతి కట్టేవాడు చూసుకుంటాడు అనేవాడు."

అది నిజం. పికాసు మొద్దువైపుతో మెల్లిగా కొట్టి, ఇసుకతో రుద్దితే గానీ మా రాయి అలా రాదు. చీకట్లో, చప్పుడు బయటికి పోకుండా చెయ్యాలంటే ఎన్ని రోజులు పట్టిందో.

జెలిందా చెయ్యి తియ్యలేదు. అలవాటు కొద్దీ, వచ్చినవాళ్ళకు చెప్పినట్టే మొదలుపెట్టింది. "ఈ మూలలు చూడండి, ఎంత నున్నగా ఉన్నాయో. బిడ్డకు గుచ్చుకోకూడదని తండ్రి..."

అక్కడ ఆగిపోయింది. గట్టుమీద తల ఆనించుకుని ఏడ్చింది. ఆవిడ ఏడుపు కూడా పెద్దదే. ఊరు వినేట్టు ఏడ్చింది, ఈసారి ఎవరూ వద్దనలేదు.

తర్వాత మొహం తుడుచుకుని, పెద్ద పడకమీది తాళంచెవి తీసుకుని మమ్మల్ని బయటికి తోలింది. "ఆవిడ చేతిలో పెట్టి వస్తానన్నావుగా?" అన్నాను.

"అబద్ధమని తేలితే అన్నాను. తేలిందా?" అంది. తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది.

ఆ నవంబరు రెండున పొద్దున్నే ఆవిడ బూట్లు వేసుకుని వెళుతుంటే గుమ్మంలోంచి చూశాను. చేతిలో కొవ్వొత్తి ఉంది. నేనూ కోటు తగిలించుకుని వెంట నడిచాను.

"ఇంకా ఎవరికే అది? నిక్షేపంగా బతికున్నదానికి పెడతావా?"

"మా నాన్నకి."

"మీ నాన్న శ్మశానంలో కదా ఉన్నాడు. ఇటు కాదు, అటు."

"అక్కడ పేరే ఉంది నజరేనో. నన్ను ఎత్తుకున్నది ఇక్కడ."

లోపలికి వెళ్ళాక కొవ్వొత్తిని ఆ మూలలో నిలబెట్టి జేబులు తడుముకుంది. అగ్గిపెట్టె మర్చిపోయింది. నా జేబులోది తీసి ఇచ్చాను.